గ్రిల్లు ఓవెన్‌లో డబ్బా కరిగిపోయింది. అడుగున 'మైక్రోవేవ్ సేఫ్' అనే ఉండాది!

బైరాగిపట్టెడ_అమ్మ (తిరుపతి) · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పోయిన నెల మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చినప్పుడు గ్రిల్లు ఉన్న మైక్రోవేవ్ ఓవెన్ ఒకటి కొనిపెట్టి పోయినాడు. 20 లీటర్లది. ఇన్ని రోజులూ అన్నం, పప్పు వేడి చేసుకోవడం తప్ప నేను వేరే ఏమీ ముట్టుకోలేదు. నిన్న మధ్యాహ్నం ఉర్లగడ్డ కూర ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి 3 నిమిషాలకు తిప్పినాను. సమయం అయ్యేలోపే టైరు కాలినట్టు కంపు. తలుపు తీస్తే డబ్బా పైఅంచు మైనం మాదిరి వంగి కూరలోకి జారిపోయి ఉంది. చిత్రం ఏమంటే అడుగున కూర చల్లగానే ఉంది!

డబ్బా అడుగున 'మైక్రోవేవ్ సేఫ్' అని అచ్చు ఉంది, త్రికోణంలో 5 అంకె కూడా ఉంది. మరి ఎందుకు కరిగినట్టు? డబ్బా నకిలీదా, ఓవెన్ చెడిపోయిందా? మా అత్తగారైతే "ఆ కిరణాల పెట్టె ఆడితే నేను లోపలికి రాను" అని వంటింటి గడప దగ్గరే నిలబడి మాట్లాడుతున్నారు.

ఇంకో అనుమానం. ఓవెన్‌లో ఇనుము పెట్టకూడదంటారు గదా, మరి పెట్టెతో పాటు ఇనప స్టాండు వాళ్ళే ఎందుకిచ్చినారు?

సంగటి_ముద్ద (ఎం.ఆర్.పల్లి) · 9:20

అమ్మా, కూర మొత్తం పారేసినారా? మా రూములో అయితే కరిగింది పైపైన తీసేసి తినేవాళ్ళం.

బైరాగిపట్టెడ_అమ్మ · 9:23

పారేసినాను నాయనా. డబ్బా కూడా. మీరు అట్లా తినొద్దు.

రిపేరు_షెడ్డు (తిరుపతి) · 9:41

కూర చల్లగా ఉంది, డబ్బా పైన కరిగింది అన్నారు చూడండి, అక్కడే దొంగ దొరికినాడు. మీది తిప్పే గుండీలదా, నొక్కే బటన్లదా? ఆ పొద్దున ఎవరైనా బ్రెడ్డు కాల్చినారా?

బైరాగిపట్టెడ_అమ్మ · 9:50

గుండీలదే. అయ్యో, పొద్దున మా ఆయన రెండు బ్రెడ్డు ముక్కలు కాల్చుకున్నారు! స్టాండు కూడా లోపలే ఉన్నింది. ఎత్తులో ఉంటే బాగా వేడెక్కుతుందేమోనని దాని మీదే డబ్బా పెట్టినాను.

రిపేరు_షెడ్డు · 10:08

అదీ సంగతి. మీ ఓవెనూ బాగుంది, డబ్బా కూడా అసలుదే. గుండీల మోడల్‌లో పై గుండీని ఎవరు ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. సారు గ్రిల్లు మీద వదిలేసినారు, మీరు కింద టైము గుండీ ఒక్కటే తిప్పినారు. లోపల ఆడింది గ్రిల్లు.

మేడమ్, ఆ పెట్టెలో ఉన్నది ఒక యంత్రం కాదు, రెండు. మైక్రో పెడితే పక్కనుంచి తరంగాలు వస్తాయి, అవి ప్లాస్టిక్‌ను దాటిపోయి కూరలో ఉన్న నీళ్ళను వేడి చేస్తాయి. డబ్బాకు తగిలేది కూర వేడి మాత్రమే, అంటే 100 డిగ్రీలకు అటూ ఇటూ. గ్రిల్లు పెడితే ఆ తరంగాలే ఉండవు. పైకప్పులో ఉన్న రాడ్డు ఎర్రగా కాలి కిందికి సెగ కొడుతుంది, అచ్చం బొగ్గుల కుంపటిని తలకిందులు చేసినట్టు. త్రికోణంలో 5 అంటే పాలీప్రొపైలీన్. అది సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మీరు దాన్ని స్టాండు ఎక్కించి రాడ్డుకు ఇంకా దగ్గర చేసినారు. 'మైక్రోవేవ్ సేఫ్' అనే మాట మైక్రోకే గానీ గ్రిల్లుకు కాదు.

మా షెడ్డుకు వచ్చే గ్రిల్లు ఓవెన్లలో ఇట్లాంటి కేసు ఎన్నిసార్లు చూసినానో. ఒకాయన అట్లకాడ లోపలే మర్చిపోయి గ్రిల్లు తిప్పినాడు, ప్లాస్టిక్ పిడి కరిగి గాజు పళ్ళెం మీద పూరీ మాదిరి పరుచుకుంది. బ్లేడుతో గీకి తీసినాను.

ఇంకొకటి, ఇది చాలామందికి తట్టదు. గ్రిల్లు వాడిన వెంటనే గుండీని మైక్రోకు మార్చినా సరే, ప్లాస్టిక్ పెట్టొద్దు. లోపలి గోడలు, స్టాండు, గాజు పళ్ళెం ఇంకా కాలుతూనే ఉంటాయి. తలుపు తీసి పెట్టి, చెయ్యి పెట్టి చూసుకునేంత చల్లారాకనే.

పొయ్యి_రుచి (చిత్తూరు) · 10:31

అసలు ఈ తంటా అంతా ఎందుకండీ? కట్టెల పొయ్యి మీద చేసిన సంగటి, నాటుకోడి పులుసు రుచి దీంట్లో వస్తుందా? పైగా తరంగాలు తిండిలో ఉండిపోతాయంట, పోషకాలు చచ్చిపోతాయంట. మా వాట్సాప్ గ్రూపులో ఒక డాక్టరు పెట్టినాడు.

తరంగం (తిరుపతి, భౌతికశాస్త్రం చెబుతాను) · 11:02

కట్టెల పొయ్యి రుచి విషయంలో మీతో వాదన లేదండీ. సంగటి గెలికేది ఓవెన్‌లో కాదు.

తరంగాలు తిండిలో ఉండిపోవడం మాత్రం జరగదు. ట్యూబ్‌లైటు ఆర్పితే గదిలో వెలుగు మిగులుతుందా? ఇదీ అంతే. తరంగాలు పుట్టించే భాగం, మాగ్నెట్రాన్, ఆగిన క్షణాన తరంగం లేదు. దాని పౌనఃపున్యం 2450 మెగాహెర్ట్జ్, మీ ఇంట్లో వై-ఫై నడిచేది కూడా దాదాపు అక్కడే. అందుకే ఓవెన్ ఆడేటప్పుడు పక్కన కూర్చుని వీడియో చూస్తే సుడి తిరుగుతూ ఆగిపోతుంది. ఎక్స్‌రే లాగా అణువుల్ని విడగొట్టే శక్తి దీనికి లేదు, వేడి చేయడం ఒక్కటే తెలుసు. పోషకాల మాటకొస్తే, ఆకుకూర నిండా నీళ్ళు పోసి ఉడికించి ఆ నీళ్ళు వంచేస్తే పోయే సి విటమిన్ కన్నా, కొద్ది నీళ్ళతో ఓవెన్‌లో మగ్గిస్తే పోయేది తక్కువే.

బయటికి వచ్చే తరంగాల గురించి. తలుపు అద్దంలో చిన్న చిన్న రంధ్రాల జాలీ ఉంటుంది చూడండి. తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, ఆ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు. అంత పెద్ద అల ఆ కన్నాల్లోంచి దూరలేదు, వెలుగు మాత్రం దూరుతుంది. అందుకే మనకు కూర కనిపిస్తుంది, కూరను వేడి చేసేది లోపలే ఉంటుంది. తలుపుకు 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు మించకూడదని ప్రమాణం. చెయ్యి చాచినంత దూరం జరిగితే అదీ బాగా తగ్గిపోతుంది. బైరాగిపట్టెడ అమ్మగారూ, మీ అత్తగారు గడప దాటి రావచ్చు.

కానీ తలుపు సరిగా ఉంటేనే ఈ లెక్కంతా. తలుపు వంగితే, కొక్కెం విరిగితే, అంచుల్లో పాత కూర గడ్డకట్టి సరిగా మూసుకోకపోతే వాడొద్దు.

ఇక ఇనప స్టాండు ప్రశ్న. లోహం తరంగాన్ని తిప్పికొడుతుంది. పలచని రేకు, ఫోర్కు మొనలు, జరీ అంచు లాంటి బంగారు గీత ఉన్న పింగాణీ పళ్ళెం, పార్శిల్ కవరుకు కొట్టిన స్టేపుల్ పిన్ను, ఇలాంటి వాటి దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి. గ్రిల్లులో తరంగమే లేదు కాబట్టి స్టాండుకు ఏ ఇబ్బందీ లేదు. రెండూ కలిసి ఆడే కాంబీలో వాళ్ళిచ్చిన స్టాండు పెట్టొచ్చా అన్నది మీ మోడల్ పుస్తకంలోనే చూడాలి. ఉత్త మైక్రోలో మాత్రం స్టాండు బయట ఉండాల్సిందే.

సంగటి_ముద్ద · 11:10

సార్, ఫోను లోపల పెట్టి తలుపేసి రింగ్ ఇస్తే, మోగితే లీకు ఉన్నట్టు అంటారే? నిన్న మేము చేసినాము. మోగింది. అప్పటినుంచి రూములో ఎవరూ ఓవెన్ దగ్గరికి పోవడం లేదు.

తరంగం · 11:18

అది పరీక్షే కాదు నాయనా. ఫోను ఎంత బలహీనమైన సిగ్నలునైనా పట్టుకుంటుంది, వందలో వెయ్యిలో ఒక వంతు అందినా మోగుతుంది. అలవాటు చొప్పున ఎవడో స్టార్టు నొక్కితే మాత్రం పరీక్ష కాదు, ఫోనుకు దినం.

గ్రీమ్స్‌పేట_వైరింగ్ (చిత్తూరు) · సోమవారం పొద్దున 6:05

రాత్రి నేను చూడలా. అందరూ తరంగాల మింద పడినారు గానీ, ప్లగ్గు యాడ పెట్టినారని ఒక్కరూ అడగలేదే! అక్కా, చెప్పు. నీ ఓవెన్ లావు మూడు పిన్నుల ప్లగ్గు, దేంట్లో గుచ్చినావు?

బైరాగిపట్టెడ_అమ్మ · 6:40

ఫ్రిజ్ పక్కన చిన్న ప్లగ్గు ఉంది. దానికి సరిపోలేదని మా ఆయన అంగట్లో ఒక మార్చే ప్లగ్గు తెచ్చి ఎక్స్‌టెన్షన్ పెట్టెలో పెట్టినారు. మిక్సీ కూడా దాంట్లోనే.

గ్రీమ్స్‌పేట_వైరింగ్ · 7:15

అనుకున్నా. కరిగిన డబ్బా కన్నా ఇదే పెద్ద గండం.

లెక్క చూడక్కా. ఓవెన్ మింద 800 వాట్లు అని రాసింటారు, అది కూరకు పోయేది. గోడలోంచి గుంజేది 1200 దాకా. 230 వోల్టులతో భాగిస్తే 5 ఆంప్సుల పైన. నీ చిన్న ప్లగ్గు తట్టుకునేదే 6. దాంట్లోనే మిక్సీ ఆడించినావంటే పెట్టె లోపల రేకులు కాలి, ప్లాస్టిక్ గోధుమరంగు తిరుగుతుంది. ఒకసారి ఓవెన్ 5 నిమిషాలు ఆడినాక ప్లగ్గు పీకి పిన్నులు ముట్టుకో. చెయ్యి చురుక్కుమంటే అర్థం చేసుకో.

16 ఆంప్సుల సాకెట్టు, బోర్డు నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఎర్తు. పెద్ద ఖర్చేం కాదు, ఒక పూట పని. మార్చే ప్లగ్గుల్లో సగం వాటికి ఎర్తు పిన్ను పేరుకే ఉంటాది, లోపల తీగ ఉండదు. ఓవెన్ బాడీ అంతా ఇనుము, దానికి ఎర్తు లేకుంటే లోపల ఏదన్నా తెగి తగిలినప్పుడు షాకు నీ చేతికే. మన పక్క ఎండాకాలం ఎర్తు గుంత ఎండిపోయి ఉత్తదవుతాది, వారానికి రెండు చెంబుల నీళ్ళు పొయ్యండి. కరెంటు లీకయితే తనంతట తానే ఆపేసే స్విచ్చి, ముప్పై మిల్లీఆంప్సుల ఆర్‌సీసీబీ, పెట్టించుకుంటే ఇంకా మేలు.

ఇన్వర్టరు మింద పెట్టొద్దు. మామూలు ఇండ్లల్లో ఉండే ఇన్వర్టరు దీన్ని మోయలేదు.

చంద్రగిరి_కోడలు · 8:30

నాది ఒప్పుకోలు అనుకోండి. కొండ నుంచి తెచ్చిన లడ్డు ఫ్రిజ్‌లో గట్టిపడిందని, మెత్తబడుతుందని ఓవెన్‌లో ఒక నిమిషం పెట్టినాను. పైన చూస్తే ఏమీ కాలేదు. విరిస్తే నడుమ కలకండ ముక్క నల్లగా మాడి ఉడుకుతోంది, జీడిపప్పు బొగ్గు. మా పాప నోట్లో పెట్టుకోబోయింది, లాక్కున్నాను. ప్రసాదం మాడిపోయిందని మా అత్త రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంకోటి అడగాలి, పాప పాల సీసా ఇందులో వేడి చేయొచ్చా?

రిపేరు_షెడ్డు · 8:52

నెయ్యీ చక్కెరా నీళ్ళలా 100 దగ్గర ఆగవమ్మా, ఇంకా పైకి పోతూనే ఉంటాయి. అందుకే పైన గోరువెచ్చగా ఉండి లోపల నిప్పు. మరీ కావాలంటే 10 సెకన్లు చాలు, బయట పెట్టి ఒక నిమిషం ఆగాలి.

చెనిక్కాయలు వేయించేటప్పుడు కూడా అదే మోసం. పొట్టు ఎర్రగా అందంగా ఉంటుంది, పగలగొడితే లోపల మసి. నిమిషానికొకసారి తీసి కలిపి, ఒక గింజ విరిచి చూసుకోవాలి. ఎండుమిరక్కాయలు మాత్రం ఇందులో వేయించొద్దు. తలుపు తీయగానే ఘాటు ముక్కులో, కళ్ళల్లో కొట్టి ఇల్లంతా దగ్గుతుంది. చెప్పినా వినకుండా ఊరిబిండి కోసం వేయించిన మా ఇంటావిడ సాక్ష్యం.

తరంగం · 9:05

పాల సీసా వద్దమ్మా. సీసా బయట గోరువెచ్చగా ఉంటుంది, పాలలో ఒకచోట మాత్రం కాలిపోయేంత వేడి ఉంటుంది. వేడినీళ్ళ గిన్నెలో సీసా నిలబెట్టండి, మునుపటిలాగే.

పెద్దవాళ్ళకూ ఒక మాట. నున్నటి గాజు గ్లాసులో ఉత్త నీళ్ళు ఎక్కువసేపు పెడితే బుడగ రాకుండానే 100 దాటిపోతాయి. చూడ్డానికి కదలకుండా ఉంటాయి, కాఫీపొడి వేయగానే భగ్గుమని మొహం మీదికి పొంగుతాయి. చెక్క గరిటె ఒకటి గ్లాసులో ఉంచి వేడి చేయండి, ఆగినాక అర నిమిషం ముట్టుకోకండి.

సంగటి_ముద్ద · 9:30

సార్, కోడిగుడ్డు? పొట్టు తీసిన ఉడికించిన గుడ్డు పెట్టినాను, లోపల ఏమీ కాలేదు. ప్లేట్లో పెట్టుకుని చెంచాతో నొక్కినాను. ఢాం! సీలింగు ఫ్యాను దాకా పచ్చసొన. పక్క రూమువాళ్ళు టపాసు అనుకున్నారు.

పుత్తూరు_తాత · 9:44

ఎముక విరగలేదు గదా, విరిగితే మా ఊరికి రా, కట్టు కడతారు. ఓవెన్ కన్నా మీ రూమే ప్రమాదం మాదిరి ఉంది.

నాకు గుండెకు పేస్‌మేకర్ ఉంది. మా డాక్టరును అడిగినాను, ఇప్పటి మిషన్లకు ఇంట్లో ఓవెన్‌తో ఇబ్బంది లేదు, కానీ ఆడేటప్పుడు తలుపుకు ఆనుకుని నిలబడొద్దు అన్నాడు. నేను బటన్ నొక్కి వరండాలోకి పోయి పేపరు చదువుకుంటాను. ఎవరిది వాళ్ళు తమ డాక్టరును అడగాలి.

పొయ్యి_రుచి · 9:58

అన్నీ ఇన్ని జాగ్రత్తలంటే పొయ్యే నయం.

గ్రీమ్స్‌పేట_వైరింగ్ · 10:04

అన్నా, గ్యాసు లీకయితే పొయ్యికీ జాగ్రత్తలుంటాయి. అలవాటయినాయి కాబట్టి కనబడవు, అంతే.

రిపేరు_షెడ్డు · మధ్యాహ్నం 2:17

తీరిక దొరికింది, మిగిలింది కూడా చెప్పేస్తా.

ఓవెన్ మీద అల్లిక గుడ్డ కప్పి, దాని మీద పూలకుండీ పెట్టేవాళ్ళు, చదివేది వాళ్ళ కోసమే. పైనా వెనకా పక్కనా గాలి కన్నాలు ఉంటాయి. వెనకా పక్కనా బెత్తెడు, పైన ఇంకొంచెం ఎక్కువ ఖాళీ వదలండి. గ్రిల్లుకు ఇది మరీ ముఖ్యం. ఒక ఇంట్లో ఓవెన్ పైన గోడకు వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలించి, గ్రిల్లు వాడినప్పుడల్లా కింది అంచు గోధుమరంగు తిరుగుతుంటే దేవుడి మహిమ అనుకున్నారు.

ఆ కన్నాల్లోంచే బల్లులు దూరతాయి. వానాకాలం ఓవెన్ లోపల వెచ్చగా ఉంటుంది గదా. సర్క్యూటు బోర్డు మీద బల్లి పడి అదీ చచ్చి బోర్డూ చచ్చిన కేసులు ఏటా వస్తాయి. వాడనప్పుడు స్విచ్చి ఆర్పేయండి.

లోపల కుడి గోడకు అట్ట లాంటి బూడిదరంగు పలక ఉంటుంది. దాన్ని పనికిరాని ముక్క అనుకుని పీకేయొద్దు, అది మైకా షీటు, తరంగాలు వచ్చే దారికి తలుపు. దాని మీద కూర చిట్లి మాడితే చిటచిటమని రవ్వలు వస్తాయి. తడిగుడ్డతో తుడవాలి, కన్నం పడితే మార్చాలి, తక్కువ ఖర్చే. పైన గ్రిల్లు రాడ్డుకు అంటిన నూనె కూడా చల్లారినాక తుడవాలి, లేకుంటే వచ్చేసారి మంట అంటుకుంటుంది. పనీరు కాల్చేటప్పుడు స్టాండు కింద ఒక గాజు పళ్ళెం పెడితే కారే నూనె దాంట్లో పడుతుంది. కాలిన గాజు పళ్ళేన్ని పంపు కింద పెట్టొద్దు, ఠప్పుమని చీలుతుంది.

లోపల మంట లేస్తే తలుపు తీయొద్దు. గాలి తగిలి పెరుగుతుంది. గోడ దగ్గర స్విచ్చి ఆర్పి, నిలబడి చూడండి. అదే చస్తుంది.

యూట్యూబు చూసి వెనక మూత విప్పేవాళ్ళకు దండం పెట్టి చెబుతున్నా. లోపల 4000 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకేసినా కెపాసిటరులో కరెంటు నిలిచే ఉంటుంది. ఇరవై ఏళ్ళ నుంచి ఈ పని చేస్తున్న నేనే దాన్ని డిశ్చార్జి చేయకుండా వేలు పెట్టను. తలుపులో మూడు చిన్న స్విచ్చులుంటాయి, తలుపు తీయగానే తరంగం ఆగేది వాటివల్లే. "తలుపు వేసినా ఆడటం లేదు" అని వాటిని తీగతో కలిపేసిన మహానుభావుడి ఓవెన్ కూడా చూసినాను.

నిర్వాహకుడు · 3:00

వాట్సాప్ డాక్టరు సందేశం ఇక్కడ మళ్ళీ అంటించిన రెండు పోస్టులు తీసేశాను. మిగతాది కొనసాగించండి.

చంద్రగిరి_కోడలు · 4:25

గ్రిల్లు ఉంది గదా అని ఇందులో కేకు చేయొచ్చా? పాప పుట్టినరోజు వస్తోంది.

తరంగం · 4:40

గ్రిల్లు పైనుంచి మాత్రమే కాలుస్తుంది. కేకుకు వేడి గాలి చుట్టూ తిరగాలి, దానికి ఫ్యాను ఉండే కన్వెక్షన్ మోడల్ వేరే. గ్రిల్లులో పెడితే నెత్తిన మాడు, అడుగున పిండి. మైక్రోలో కప్పు కేకు అయితే అవుతుంది, చల్లారితే రబ్బరు, వేడిగానే తినేయాలి.

బైరాగిపట్టెడ_అమ్మ · గురువారం సాయంత్రం 6:50

రెండు రోజులు రాలేకపోయాను, చెప్పాల్సింది చాలా ఉంది.

మంగళవారం ఎలక్ట్రీషియన్‌ను పిలిపించినాము. మార్చే ప్లగ్గు విప్పి చూపించినాడు. వైరింగ్ తమ్ముడు చెప్పినట్టే ఎర్తు పిన్నుకు తీగ లేదు, ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ బెల్లం పాకం రంగుకు వచ్చేసింది. కొత్త సాకెట్టు వేసినాడు. మా ఆయన ఆ ప్లగ్గును చేతిలో పట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు.

గుండీ పక్కన గ్రిల్లు గుర్తు దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టినాను. ఎవరు వాడినా మళ్ళీ మైక్రోకు తిప్పి, స్టాండు బయట పెట్టాలని ఇంట్లో కట్టుబాటు. ప్లాస్టిక్ డబ్బాలు పై అరకు పోయినాయి, కింద గాజు గిన్నెలు వచ్చినాయి.

నిన్న గ్రిల్లులో వంకాయలు కాల్చినాను. ఫోర్కుతో నాలుగు పక్కలా పొడిచి, కొంచెం నూనె రాసి, మధ్యలో ఒకసారి తిప్పి, మొత్తం 20 నిమిషాలు పట్టింది. తొక్క మసిగుడ్డతో పట్టుకుని లాగితే ఒక్కసారిగా వచ్చేసింది. ఊరిబిండి నూరినాను. పొయ్యి మీద కాల్చిన పొగ వాసన లేదు, ఆ మాట పొయ్యి_రుచి గారికి ఒప్పుకుంటున్నాను.

మా అత్తగారు ఇప్పుడు గడప దాటి స్టూలు దాకా వచ్చినారు. పొద్దున "ఆ పెట్టెలో కాఫీ ఒకసారి తిప్పు" అన్నారు. కానీ లోపల ఆ కరిగిన డబ్బా కంపు ఇంకా ఉంది, కాఫీకి కూడా పట్టుకుంటోంది. ఏం చేయాలి?

రిపేరు_షెడ్డు · 7:02

గుండీ మైక్రోలో పెట్టి, గాజు గిన్నెలో నీళ్ళు, కోసిన నిమ్మకాయ వేసి 4 నిమిషాలు తిప్పండి. ఆగినాక 5 నిమిషాలు తలుపు తీయకుండా ఆవిరి పట్టనిచ్చి, తడిగుడ్డతో గోడలు, పైకప్పు తుడవండి. పైన జాలీలో కరిగిన చుక్క ఏమన్నా అంటుకుని ఉందేమో టార్చి వేసి చూడండి. ఉంటే గ్రిల్లు వేసినప్పుడల్లా అదే వాసన. అప్పుడు గీకొద్దు, షెడ్డుకు తీసుకురండి.

బైరాగిపట్టెడ_అమ్మ · 7:31

టార్చి వేసి చూసినాను. ఉంది, ఆవగింజంత. రేపు తెస్తాను.